మూడు థ్రెడ్లు పని ముగించాక నాలుగోదాన్ని లేపడం ఎలా? కొన్ని సాయంత్రాలు రిపోర్టు రావడం లేదు

కాటా_చీటీ (మిర్యాలగూడ), సోమవారం, రాత్రి 9.52

అందరికీ నమస్కారం. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు తూకం లెక్కల ప్రోగ్రాం నేనే రాశాను, బాగోగులు కూడా నేనే చూస్తున్నాను. జావాలో రాసింది. సాయంత్రం కాటా మూసేశాక గుమాస్తా ‘రోజు లెక్క’ అనే మీట నొక్కుతాడు. అప్పుడు మూడు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కన నడిచే పనులు) బయలుదేరతాయి. ఒకటి ఆ రోజు లారీల తూకం చీటీలన్నీ కూడుతుంది, ఇంకొకటి తేమ మీటరు నుంచి వచ్చిన అంకెలు చదివి సగటు తీస్తుంది, మూడోది గోనె సంచుల లెక్క చూస్తుంది. మూడూ అయ్యాక నాలుగో థ్రెడ్ రిపోర్టు అచ్చు వేయాలి.

నేను రాసింది ఇదీ: నాలుగో థ్రెడ్ ఒక లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడ్ చేతిలోనే ఉండే తాళం) పట్టుకుని వరుసగా మూడుసార్లు వెయిట్ (లాక్ వదిలి, పిలుపు వచ్చేదాకా నిద్రపోవడం) పిలుస్తుంది. పని థ్రెడ్లు ఒక్కొక్కటీ తన పని కాగానే అదే లాక్ పట్టుకుని నోటిఫై (నిద్రలో ఉన్నదాన్ని లేపే పిలుపు) పిలుస్తాయి. మూడు వెయిట్లకు మూడు నోటిఫైలు, లెక్క సరిపోయింది అనుకున్నాను. రెండేళ్లు ఏ ఇబ్బందీ లేదు. దసరాకు ముందు షావుకారు పాత కంప్యూటర్ తీసేసి కొత్తది కొన్నారు, వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డీ డిస్కు ఉన్నది. అప్పటి నుంచి వారానికి రెండు మూడు రోజులు రిపోర్టు రాదు. ఎర్రర్ కూడా రాదు. తెర మీద ‘లెక్క జరుగుతోంది’ అని అలాగే నిలిచిపోతుంది.

ఇది కోతల కాలం. మిల్లు గేటు బయట ధాన్యం లారీలు బారులు తీరి ఉన్నాయి. గుమాస్తా రాత్రిపూట ఫోను చేసి ‘మీ ప్రోగ్రాం నిద్రపోయింది సార్’ అంటున్నాడు. కంప్యూటర్ వేగం పెరిగితే పని చెడిపోవడం ఏమిటో నాకు అంతు పట్టడం లేదు.

జడ్చర్ల_జావా, సోమవారం, రాత్రి 10.15

మా దగ్గరా ఇలాగే అయింది. పని థ్రెడ్లలో నోటిఫై పిలిచే ముందు రెండు సెకన్లు స్లీప్ పెట్టి చూడండి. మాకు కుదిరింది.

పాత_మానిటర్ (మహబూబ్‌నగర్), సోమవారం, రాత్రి 10.48

స్లీప్ జోలికి వెళ్లకండి. మూడు థ్రెడ్లలోనూ రెండేసి సెకన్లు పెడితే మూడూ కలిసి పడుకుని కలిసే లేస్తాయి. అవి ఒకదాని వెనుక ఒకటి వచ్చి మీద పడటమే అసలు రోగం, దానికి స్లీప్ మందు కాదు.

కాటా గారూ, మీ కోడులో రెండు చోట్ల సంకేతం నేలపాలవుతోంది.

మొదటిది తేలికగా కనిపిస్తుంది. నోటిఫై అన్నది ఆ క్షణంలో ఆ లాక్ మీద నిద్రపోతున్న థ్రెడ్‌కు మాత్రమే చేరుతుంది. అప్పటికి ఎవరూ నిద్రలో లేకపోతే ఆ పిలుపు గాలిలో కలిసిపోతుంది. జావా దాన్ని ఎక్కడా దాచిపెట్టదు. కొత్త డిస్కు మీద గోనె సంచుల లెక్క చిటికెలో అయిపోతోంది, అప్పటికి రిపోర్టు థ్రెడ్ ఇంకా మొదటి వెయిట్ దాకా రానే లేదు. ఆ తర్వాత అది వచ్చి పడుకుంటుంది, తన కోసం మోగిన గంట మోగి పోయిందని దానికి తెలియదు.

రెండోది కాస్త కంటికి ఆనదు. రిపోర్టు థ్రెడ్ నిద్రలోనే ఉందనుకుందాం. తూకం థ్రెడ్ లాక్ పట్టుకుంది, నోటిఫై పిలిచింది, లాక్ వదిలింది. రిపోర్టు థ్రెడ్‌కు మెలకువ వచ్చింది గానీ, లేచి నడవాలంటే ఆ లాక్ మళ్లీ దాని చేతికి రావాలి. ఈ సందులో తేమ థ్రెడ్ ముందుగా లాక్ అందుకుని తనూ నోటిఫై పిలిచింది. అప్పుడు నిద్రలో ఎవరున్నారు? ఎవరూ లేరు. ఒకడు లేచాడు, లాక్ కోసం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. రెండో పిలుపు పోయింది. రెండు పిలుపులకు ఒక్క మెలకువే మిగిలింది, మీరేమో మూడు లెక్కపెడుతున్నారు. పాత హార్డ్ డిస్కు నత్తనడక వల్ల మూడు పనులూ దూరదూరంగా ముగిసేవి కాబట్టి రెండేళ్లు బయటపడలేదు.

మీ గుమాస్తా చెప్పిన రోగనిర్ధారణలో అక్షరం తప్పు లేదు. నిద్రే పోయింది.

సాగర్_హిల్‌కాలనీ, మంగళవారం, ఉదయం 6.30

మా ఊరి భాషలో చెబుతాను. సాగర్ డ్యాంకు 26 క్రస్ట్ గేట్లు. గేట్లు ఎత్తే ముందు సైరన్ మోగిస్తారు. దిగువన వల వేసుకునే మనిషి ఆ సమయానికి ఊళ్లోకి వెళ్లి ఉంటే సైరన్ వినడు. తిరిగొచ్చి ఒడ్డున కూర్చుని ‘సైరన్ మోగాక లేస్తాను’ అనుకుంటే ఏమవుతుంది? కానీ తెలివున్నవాడు ముందు నీటిమట్టం చూస్తాడు. నీళ్లు పైకొచ్చి ఉంటే సైరన్‌తో పనే లేదు. రాకపోతే అప్పుడు కూర్చుని సైరన్ కోసం ఆగుతాడు. మోగాక కూడా ఇంకోసారి మట్టం చూసే అడుగు వేస్తాడు.

మీ కోడులో సైరన్ ఉంది, మట్టం కొలిచే స్కేలు లేదు. ‘ఇంకా ఎన్ని పనులు మిగిలాయి’ అనే అంకె ఒకటి పెట్టండి.

పాత_మానిటర్, మంగళవారం, ఉదయం 8.05

హిల్‌కాలనీ గారు నా పని తగ్గించారు. స్కేలు పెట్టాక ఇలా ఉంటుంది (నోటిఫైఆల్ అంటే నిద్రలో ఉన్నవాళ్లందరినీ లేపడం):

రిపోర్టు థ్రెడ్:
 లాక్ తీసుకో
 మిగిలిన_పనులు సున్నా కానంతసేపు: వెయిట్
 లాక్ వదులు
 అచ్చు వేయి

పని థ్రెడ్:
 పని చేయి
 లాక్ తీసుకో
 మిగిలిన_పనులు ఒకటి తగ్గించు
 సున్నా అయితే: నోటిఫైఆల్
 లాక్ వదులు

అంకె చూడటం, నిద్రకు పోవడం రెండూ ఒకే లాక్ కింద జరగాలి. వెయిట్ అనే పిలుపు లాక్ వదలడాన్నీ నిద్రపోవడాన్నీ మధ్యలో సందు లేకుండా ఒక్క దెబ్బన చేస్తుంది. అందుకే లాక్ చేతిలో లేకుండా వెయిట్ పిలిస్తే జావా మొహం మీదే ఎక్సెప్షన్ విసురుతుంది.

దేవరకొండ_బీటెక్, మంగళవారం, మధ్యాహ్నం 1.20

సార్, రెండు సందేహాలు. ‘సున్నా కానంతసేపు’ అని చక్రం (లూప్) ఎందుకు? ‘సున్నా కాకపోతే’ అని ఒక్కసారి చూస్తే చాలదా? చివరి పని అయ్యాకే కదా నోటిఫైఆల్ వచ్చేది. ఇంకొకటి, మాకు క్లాసులో జాయిన్ (ఒక థ్రెడ్ ముగిసేదాకా ఆగడం) అని చెప్పారు. మూడు థ్రెడ్లకు మూడు జాయిన్లు పిలిస్తే ఇంత గొడవ ఉండదు కదా?

పాత_మానిటర్, మంగళవారం, రాత్రి 9.10

మంచి సందేహాలు బాబూ. భోజనం చేసి కూర్చున్నాను, కాస్త వివరంగానే రాస్తాను.

చక్రం సంగతి వెనుక ఒక కథ ఉంది. కంప్యూటర్ శాస్త్రవేత్త టోనీ హోర్ 1974లో మానిటర్ల (లాక్, వెయిట్, సంకేతం కలిసి ఉండే ఏర్పాటు) మీద రాసిన పత్రంలో, సంకేతం ఇచ్చినవాడు అక్కడికక్కడే ఆగిపోయి లాక్‌ను నేరుగా లేచినవాడి చేతిలో పెడతాడు. మధ్యలో మూడోవాడు దూరే సందు లేదు కాబట్టి లేచినవాడు మళ్లీ చూసుకోనక్కర లేదు. ఆ పద్ధతిలో అయితే నువ్వన్నట్టు ‘కాకపోతే’ చాలు. తర్వాత జెరాక్స్ వాళ్ల మీసా భాషలో దీన్ని సడలించారు. ల్యాంప్సన్, రెడెల్ ఇద్దరూ 1980లో ఆ అనుభవం రాశారు. అక్కడ సంకేతం ఒట్టి సూచన. ‘ఏదో మారి ఉండవచ్చు, లేచి చూసుకో’ అన్నంత వరకే. లేచి, లాక్ అందుకునేలోపు ఇంకొకరు వచ్చి పరిస్థితి మార్చి ఉండవచ్చు. జావా, పోసిక్స్ థ్రెడ్లు (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణంలోవి) రెండూ ఈ మీసా దారినే పోయాయి. పైగా ఎవరూ లేపకుండానే వెయిట్ లేచి రావచ్చు అని రెండింటి పత్రాల్లోనూ రాసి ఉంది. ఆ ఉత్తుత్తి మెలకువ నా అనుభవంలో ఎదురైందా అంటే గట్టిగా చెప్పలేను. కానీ ఒక్క పదం మార్చితే పోయే ప్రమాదానికి పూచీ ఎవరు పడతారు?

ఇక జాయిన్. నువ్వన్నది నిజం. జావాలో మామూలు థ్రెడ్ల జాయిన్ లోపల చూస్తే ‘ఈ థ్రెడ్ బతికి ఉన్నంతసేపు వెయిట్’ అనే చక్రమే కనిపిస్తుంది. థ్రెడ్ ముగిసేటప్పుడు దాని మీదే నోటిఫైఆల్ పిలవబడుతుంది. అంటే స్కేలూ సైరనూ రెండూ అందులోనే ఉన్నాయి. థ్రెడ్ ఎప్పుడో ముగిసిపోయి ఉన్నా జాయిన్ వెంటనే తిరిగొస్తుంది, అక్కడ పిలుపు పోవడమన్నది లేదు. ఇందువల్లే థ్రెడ్ వస్తువునే లాక్‌గా వాడుకుని సొంత వెయిట్లు, నోటిఫైలు పెట్టవద్దని జావా పత్రాలు చెబుతాయి.

సీ భాషలో పోసిక్స్ థ్రెడ్లు వాడితే మాత్రం జాగ్రత్త. అక్కడ ఒక థ్రెడ్‌కు ఒక్క జాయినే. రెండు థ్రెడ్లు ఒకేసారి ఒకదాని మీద జాయిన్ పిలిస్తే ఏమవుతుందో ప్రమాణం హామీ ఇవ్వదు. డిటాచ్ చేసిన (‘దీని కోసం ఎవరూ ఆగరు’ అని వదిలేసిన) థ్రెడ్‌ను జాయిన్ చేయలేం. జాయినూ చేయక, డిటాచూ చేయక ఊరుకుంటే ముగిసిన థ్రెడ్ తాలూకు మెమరీ అలాగే పేరుకుపోతుంది.

గద్వాల_అంచు, మంగళవారం, రాత్రి 10.02

పాత_మానిటర్ గారి వివరణ బాగుంది, ఒక్క మాట కలుపుతాను. థ్రెడ్ ముగియడం వేరు, పని ముగియడం వేరు. జాయిన్ చెప్పేది మొదటిదాన్ని. చాలామంది పనికొక కొత్త థ్రెడ్ పుట్టించరు, పూల్ (పనుల కోసం సిద్ధంగా ఉంచిన థ్రెడ్ల గుంపు) పెట్టుకుంటారు. పూల్‌లో పని అయిపోతుంది, థ్రెడ్ మాత్రం తర్వాతి పని కోసం కూర్చునే ఉంటుంది. దాని మీద జాయిన్ పిలిస్తే పూల్ మూసేదాకా రిపోర్టు రాదు. మగ్గం మీద చీర దిగిందా అని అడగాల్సిన చోట మగ్గం విప్పేశారా అని అడిగినట్టు ఉంటుంది.

కాటా గారూ, వెయిట్ నోటిఫైలు చేత్తో రాయకండి. జావా 5తో 2004లోనే కౌంట్‌డౌన్‌ల్యాచ్ వచ్చింది. మూడుతో మొదలుపెట్టండి, ఒక్కో పని చివర కౌంట్‌డౌన్ (ఒకటి తగ్గించడం), రిపోర్టు థ్రెడ్‌లో అవెయిట్ (సున్నా అయ్యేదాకా ఆగడం). స్కేలు దాని కడుపులోనే ఉంది. పని థ్రెడ్ కౌంట్‌డౌన్‌కు ముందు రాసిన అంకెలన్నీ అవెయిట్ దాటిన థ్రెడ్‌కు తప్పక కనిపిస్తాయి, ఆ హామీ కూడా ఉచితం.

పాత_మానిటర్, మంగళవారం, రాత్రి 10.20

వాడుకోనివ్వండి అమ్మా, నేను కాదనను. కానీ లోపల ఏముందో తెలియకుండా ల్యాచ్ వాడినవాడు రేపు దానితో కూడా ఇదే పేజీకి వస్తాడు.

గద్వాల_అంచు, మంగళవారం, రాత్రి 10.26

తెలిసి కూడా చేత్తో రాసినవాడు అంతకంటే ముందే వస్తాడు సార్ 🙂

జడ్చర్ల_జావా, బుధవారం, ఉదయం 9.40

ఇదంతా ఎందుకు, ఒక బూలియన్ (అవునా కాదా అని చెప్పే గుర్తు) పెట్టి చక్రంలో అదే పనిగా చూస్తూ ఉంటే సరిపోదా? నిద్ర లేదు, పిలుపు పోవడమూ లేదు.

సాగర్_హిల్‌కాలనీ, బుధవారం, ఉదయం 9.58

ఒడ్డున నిలబడి రెప్ప వేయకుండా స్కేలు చూడటం అది. ఒక కోర్ అంతా దానికే పోతుంది. ఇంకో గొడవ ఉంది: ఆ బూలియన్‌కు వోలటైల్ అని రాయకపోతే ఈ థ్రెడ్‌కు ఆ మార్పు ఎప్పటికీ కనిపించకపోవచ్చు. కంపైలర్ ‘ఈ చక్రంలో దీన్ని ఎవరూ మార్చడం లేదు కదా’ అని ఒక్కసారి చదివి, అదే విలువ పట్టుకుని తిరుగుతుంది.

కాటా_చీటీ, శుక్రవారం, రాత్రి 8.31

అందరికీ ధన్యవాదాలు. పాత_మానిటర్ గారి శాపమే తగిలినట్టుంది. మంగళవారం రాత్రే ల్యాచ్ పెట్టాను. బుధవారం రిపోర్టు ఠంచనుగా వచ్చింది. గురువారం సాయంత్రం గుమాస్తా మీట నొక్కీ నొక్కకముందే రిపోర్టు బయటికొచ్చింది. లారీలు 41 వస్తే కాగితం మీద 6 ఉన్నాయి. సంచులు సున్నా. షావుకారు నవ్వారు, అంతవరకు అదృష్టం. ప్రోగ్రాం రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటుంది, ఎవరూ ఆపరు.

గద్వాల_అంచు, శుక్రవారం, రాత్రి 8.44

ల్యాచ్‌ను ఎక్కడ పుట్టించారు? మీట నొక్కినప్పుడా, ప్రోగ్రాం మొదలైనప్పుడా?

కాటా_చీటీ, శుక్రవారం, రాత్రి 8.50

క్లాసు పైన, స్టాటిక్‌గా, అంటే ప్రోగ్రాం మొదలైనప్పుడు ఒక్కసారే. అర్థమైంది మేడం. బుధవారం సున్నాకు దిగింది, గురువారం కూడా సున్నాలోనే ఉంది.

గద్వాల_అంచు, శుక్రవారం, రాత్రి 8.57

అంతే. ల్యాచ్ ఒకసారికే. సున్నాకు చేరాక మళ్లీ పైకి ఎక్కించే దారి లేదు. మీట నొక్కినప్పుడల్లా కొత్తది పుట్టించి నాలుగు థ్రెడ్లకూ ఇవ్వండి. మళ్లీ మళ్లీ వాడుకునేది కావాలంటే సైక్లిక్‌బ్యారియర్ ఉంది కానీ అది అందరూ ఒక చోట కలుసుకుని కలిసి ముందుకు పోయే పనికి. మీ పని అది కాదు.

సాగర్_హిల్‌కాలనీ, శుక్రవారం, రాత్రి 9.05

నిరుటి వరద గుర్తు గోడ మీద చూసి ఈ ఏడు పరుగెత్తారన్నమాట.

బత్తాయి_బిట్ (నల్లగొండ), శుక్రవారం, రాత్రి 9.30

దారిన పోతూ ఒక మాట. విండోస్‌లో సీ++ రాసేవాళ్లకు నిలిచి ఉండే సంకేతం, వెంటనే దిగిపోయే సంకేతం అని ఈ రెండు రకాలూ పేర్లతోనే ఉన్నాయి. మాన్యువల్ రీసెట్ ఈవెంట్ ఒకసారి సెట్ అయితే మనం దించేదాకా అలాగే నిలబడుతుంది, ఆలస్యంగా వచ్చినవాడూ దాటిపోతాడు. ఆటో రీసెట్ అయితే ఒక్కడిని పంపి తనంతట తానే దిగిపోతుంది. పల్స్‌ఈవెంట్ అని ఇంకొకటి ఉంది, ఆ క్షణంలో ఆగి ఉన్నవాళ్లను మాత్రమే లేపుతుంది, అచ్చం కాటా గారి మొదటి కోడే. దాన్ని నమ్మవద్దని మైక్రోసాఫ్ట్ పత్రాల్లోనే రాశారు. అక్కడ థ్రెడ్ హ్యాండిల్ (థ్రెడ్‌ను పట్టుకునే గుర్తు) కూడా థ్రెడ్ ముగియగానే సంకేత స్థితికి వచ్చి అలాగే ఉండిపోతుంది. ఒకే పిలుపుతో ఎన్నో హ్యాండిళ్ల కోసం ఆగవచ్చు, 64 వరకు.

దేవరకొండ_బీటెక్, శుక్రవారం, రాత్రి 9.41

పైథాన్‌లో థ్రెడింగ్ ఈవెంట్ మాన్యువల్ రీసెట్ లాంటిదే కదా అన్నా? సెట్ చేశాక ఎవరు వెయిట్ పిలిచినా వెంటనే తిరిగొస్తోంది. ఇప్పుడే రాసి చూశాను.

బత్తాయి_బిట్, శుక్రవారం, రాత్రి 9.46

అదే తమ్ముడూ. గో భాషలో ఛానెల్ (కబురు పంపే దారి) మూసేయడం కూడా అంతే. ముందు నుంచి ఆగినవాళ్లు, తర్వాత వచ్చినవాళ్లు అందరికీ కబురు అందుతుంది.

కాటా_చీటీ, ఆదివారం, ఉదయం 11.12

మళ్లీ నేనే. చెప్పడానికి సిగ్గుగా ఉంది. శనివారం మళ్లీ నిద్రపోయింది. ఈసారి నేనే మిల్లుకు వెళ్లి కూర్చున్నాను. కాటా గదిలో తేమ మీటరు నుంచి కంప్యూటర్‌కు వచ్చే సీరియల్ తీగ, హమాలీలు సంచులు నెట్టినప్పుడల్లా వదులవుతోంది. ఫైలులో అంకె ఉండాల్సిన చోట ఖాళీ వరుస. ఖాళీని అంకెగా మార్చబోయి తేమ థ్రెడ్ ఎక్సెప్షన్‌తో చచ్చిపోయింది. కౌంట్‌డౌన్ దాకా రాలేదు. ల్యాచ్ ఒకటి దగ్గర ఆగింది.

ఇంటికొచ్చి కౌంట్‌డౌన్‌ను ఫైనల్లీలో పెట్టాను. పని బాగా ముగిసినా, మధ్యలో చచ్చినా కబురు వెళ్తుంది. తీగ నేనే పీకి పరీక్షించాను. రిపోర్టు వచ్చింది. అందులో ‘సగటు తేమ: 0.0 శాతం’ అని ఉంది.

సాగర్_హిల్‌కాలనీ, ఆదివారం, ఉదయం 11.30

17 శాతం లోపు ఉంటే చాలు కొంటామని కేంద్రాల్లో అంటారు. సున్నా శాతం ధాన్యం అంటే అవి వడ్లు కావు సార్, పేలాలు.

గద్వాల_అంచు, ఆదివారం, మధ్యాహ్నం 12.05

ఫైనల్లీలో పెట్టడం సరైన పనే, కానీ ల్యాచ్‌కు ‘అయిపోయింది’ అన్న ఒక్క మాటే వచ్చు. ఎలా అయిపోయిందో చెప్పడం దాని చేత కాదు. మీకు కావాల్సింది కబురుతోపాటు ఫలితం కూడా మోసుకొచ్చేది. ఫ్యూచర్ వాడండి.

మీ మూడు పనులనూ మూడు కాలబుల్స్‌గా రాయండి, ఒక్కోటి తన అంకె తిరిగి ఇస్తుంది. ఒక ఎగ్జిక్యూటర్‌కు (పూల్‌ను నడిపేదానికి) ఇన్వోక్‌ఆల్ ద్వారా మూడూ కలిపి అప్పగించండి. అన్నీ ముగిసేదాకా అదే ఆగుతుంది, ఇచ్చిన వరుసలోనే ఫ్యూచర్లు తిరిగి ఇస్తుంది. ఒక్కో ఫ్యూచర్ మీద గెట్ పిలవండి. పని బాగా జరిగితే అంకె వస్తుంది. చచ్చి ఉంటే ఎగ్జిక్యూషన్‌ఎక్సెప్షన్ వస్తుంది, చావుకు కారణం దాని లోపల ఉంటుంది. లాక్, ల్యాచ్, ఫైనల్లీ ఏదీ మీరు రాయనక్కర లేదు.

మూడు చిన్న సంగతులు మరిచిపోకండి. ఇన్వోక్‌ఆల్ పిలిచిన థ్రెడ్ ఆగిపోతుంది, కాబట్టి మీట నొక్కిన తెర థ్రెడ్‌లో పిలవవద్దు, మీ నాలుగో థ్రెడ్‌లోనే పిలవండి. ఇన్వోక్‌ఆల్‌కు గడువు ఇచ్చే రకం కూడా ఉంది. గడువు దాటితే మిగిలిన పనులను రద్దు చేస్తుంది, రద్దయిన ఫ్యూచర్ మీద గెట్ పిలిస్తే క్యాన్సిలేషన్‌ఎక్సెప్షన్ వస్తుంది. అయితే రద్దు అంటే ఇంటరప్ట్ (‘ఇక ఆపు’ అన్న సూచన) ఇవ్వడం వరకే. తీగ నుంచి చదువుతూ ఇరుక్కున్న థ్రెడ్ దాన్ని పట్టించుకోకపోవచ్చు, అలాంటప్పుడు రిపోర్టు వస్తుంది గానీ ఆ థ్రెడ్ పూల్‌లో కూర్చునే ఉంటుంది. మీరు ఫైలు నుంచి చదువుతున్నారు కాబట్టి ఆ బాధ తక్కువ.

కంప్లీటబుల్‌ఫ్యూచర్ అని జావా 8లో వచ్చింది, దానితో అసలు ఏ థ్రెడ్‌నూ ఆపకుండానే ‘మూడూ అయ్యాక ఇది చేయి’ అని చెప్పవచ్చు. రోజుకు ఒక్క రిపోర్టుకు అంత అవసరం లేదు.

పాత_మానిటర్, ఆదివారం, సాయంత్రం 5.15

అమ్మాయి చెప్పింది చేయండి. చేసేటప్పుడు ఆ ఫ్యూచర్ కోడు ఒకసారి తెరిచి చదవండి. ‘ముగియలేదు, బాగా ముగిసింది, చచ్చింది, రద్దయింది’ అన్న స్థితి ఒక అంకెగా కనిపిస్తుంది, దాని పక్కన ఆగినవాళ్ల వరుస ఉంటుంది.

దేవరకొండ_బీటెక్, ఆదివారం, సాయంత్రం 6.02

చదివాను సార్. స్కేలు ఉంది.

కాటా_చీటీ, గురువారం, రాత్రి 9.20

నాలుగు రోజులుగా నడుస్తోంది. వెయిట్ నోటిఫైలున్న పాత ఫైలు మొత్తం తీసేశాను. మూడు గెట్లలో ఏది విఫలమైతే ఆ గడిలో అంకెకు బదులు ‘రాలేదు’ అని అచ్చు వేయమని రాశాను.

ఈ సాయంత్రం తీగ మళ్లీ ఊడింది. రిపోర్టు మాత్రం ఎప్పటిలాగే వచ్చింది. లారీలు 38, సంచుల లెక్క సరిగ్గా ఉంది, ‘సగటు తేమ: రాలేదు’. గుమాస్తా ఫోను చేస్తాడని చూస్తూ కూర్చున్నాను. చేయలేదు. తొమ్మిదింటికి నేనే చేస్తే, ‘తీగ బిగించి మళ్లీ మీట నొక్కాను సార్, వచ్చేసింది’ అన్నాడు.

మీటరు తయారుచేసినవాళ్లను కొత్త తీగ అడిగాను. దాని గురించి వేరే చర్చ తెరుస్తాను, సీరియల్ పోర్టులు తెలిసినవాళ్లు అక్కడికి రండి.